మోచేతి మడత

ఆ అక్కాతమ్ముళ్ళది ఇస్త్రీ కొట్టు. అమ్మ పోయాక తమ్ముణ్ణి అక్కే పెంచింది. పనిలో వాడికి వంక పెట్టడానికి లేదు. వాడు మడతపెట్టిన చొక్కా కొత్తగా కొన్నట్టుండేది. అలాంటివాడు ఆ వారం వరసగా చొక్కాలు కాల్చాడు. బట్ట పరిచి సర్దాల్సిన ఎడమచేయి కదలడం లేదు. అంత ఉక్కలోనూ పొడుగు చేతుల చొక్కా విప్పడం లేదు.

ఏమైందని అక్క అడిగితే, "దోమ కుట్టిందిలే," అన్నాడు.

"ఏనుగంత దోమా? ఏదీ, చూపించు."

గుండీ విప్పి చూసింది. మోచేతి మడతలో నిమ్మకాయంత గడ్డ. చుట్టూ ఎర్రగా వాచి, ముట్టుకుంటే కాలిపోతోంది. పక్కనే సూదిపోట్లు. మత్తు సూదులు మానేశానని వాడు అంతకుముందే అక్క మీద ఒట్టేసి ఉన్నాడు.

"పద ఆస్పత్రికి."

"చచ్చినా రాను. పోయినసారి అందరి ముందూ 'నీలాంటోడికి మంచం దండగ' అన్నారు."

"అన్నవాళ్ళ సంగతి నేను చూస్తా. నడువు."

డాక్టరమ్మ తిట్టలేదు. "సూది ఇంకొకరిదా?" అని మామూలుగా అడిగింది.

వాడు తలదించుకున్నాడు. "నాదే. వాడిందే మళ్ళీ వాడా."

ఇంకా ఆలస్యమైతే చేయి తీసేయాల్సి వచ్చేదని చెప్పి, ఆమె వాణ్ణి ఆపరేషన్‌కు తీసుకెళ్ళింది.

మర్నాడు వాడికి చెమటలు, వాంతులు, ఒళ్ళంతా వణుకు. సెలైన్ పీకేసుకోబోయాడు.

"ఒక్కసారి బయటికి పోనీ అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా."

కొట్టాలో, కావలించుకోవాలో తెలియక అక్క పరుగున వెళ్ళి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది.

"మత్తు అందక పడే బాధమ్మా ఇది. దీనికీ వైద్యం ఉంది," అంటూ ఆమె మాత్ర ఇచ్చింది. సాయంత్రానికి వాడు కాస్త కునుకు తీశాడు.

చేయి దక్కింది గానీ చివరి వేళ్ళు ముడుచుకోవడం లేదు. ఇస్త్రీ అక్క చేసేది, బట్టలు వాడు ఇళ్ళకు చేరవేసేవాడు. కొన్నాళ్ళు ఆస్పత్రికి వెళ్ళి మత్తు మాన్పించే మాత్రలు తెచ్చుకున్నాడు. తర్వాత ఎగ్గొట్టసాగాడు. మళ్ళీ సూది పట్టాడని అక్కకు అర్థమైంది.

"మానెయ్యరా అని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది," అంది ఒకరోజు అన్నం వడ్డిస్తూ. "దాచకు మాత్రం. దాస్తే నువ్వు నాకు దక్కవు."

వాడు కంచం దగ్గరికి లాక్కున్నాడు.

ఒక మధ్యాహ్నం కొట్టు నిండా జనం ఉండగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కుడిచేతిని ఒంటికి అదుముకుని ఉన్నాడు.

"అక్కా, ఈ చేయి కూడా. ఇవాళే మొదలైంది."

ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకి, "రేపు రండమ్మా," అని అందరినీ పంపించి, చెప్పులు వేసుకుంది.