ప్లాట్‌ఫారం మీద అమ్ము

మా ఆయన జేమ్స్‌కి ఓ జబ్బుంది. ఎవరిని రైలెక్కించడానికి వెళ్ళినా తనూ లోపలికెక్కి, సామాను సర్ది, బండి కదిలాకే దిగుతాడు. రాజమండ్రి స్టేషన్లో చెల్లుతుంది. మేముండే ఈ ఖతార్ లుసైల్‌లో చెల్లుతుందా?

మా వీధి చివరి ట్రామ్ లైను, జనాన్ని దోహా మెట్రోకి చేర్చడానికి వేసింది. మెట్రోలో కాలు పెట్టే చోటుండదు, ట్రామ్‌లో ఈగలు తోలుకోవాలి. ఆ శనివారం పొద్దున్న మా ఆడపడుచు తెరెసా ఇండియాకి బయల్దేరింది. మా నాలుగేళ్ళ పాప అమ్ముని బెంచీ మీద కూర్చోబెట్టి, తెరెసాని ఎక్కించి, ఆయనో పెట్టె నేనో పెట్టె లోపలికి లాగాం.

"దిగండి, దిగండి" అంటూనే ఉన్నాను.

"ఉండవే సామ్రాజ్యం, పెట్టె దొర్లకుండా ఆనించనీ" అన్నాడు.

టింగుమంది. తలుపులు మూసుకున్నాయి. అద్దంలోంచి అమ్ము కనిపించింది, అంతలోనే కనిపించలేదు.

"మీ సర్దుడు తగలెయ్య! పిల్లనొదిలేసి పెట్టెని పట్టుకున్నారా!" అని అరిచాను. తెరెసా "వదినా" అంటూ ఏడుపందుకుంది. "నోర్ముయ్, నీ పెట్టెల వల్లే!" అన్నాను. జేమ్స్ డ్రైవర్‌తో మాట్లాడే ఎర్ర బటన్ నొక్కి, పాప ఒంటరిగా ఉండిపోయిందని చెప్పాడు. "ఠీక్ హై భాయ్, కంట్రోల్‌కో బోల్తా" అన్నాడు డ్రైవర్, కంట్రోల్ రూముకి చెప్తానని. బండి మాత్రం ఆగలేదు.

తర్వాతి స్టాపులో మేమిద్దరం దూకాం. ఫ్లైటు ఉంది కనక తెరెసాని పొమ్మన్నాం. వెనక్కి వెళ్ళే ట్రామ్ ఎంతకీ రాదు. అడుగుదామంటే నరపురుగు లేదు. అమ్ము ఉన్నచోటా ఇంతేగా! అమ్మా అంటూ పట్టాల మీదికి దిగితే? యేసయ్యా, దిగితే? నోటికొచ్చినట్టు ఆయన్ని తిడుతూనే ఉన్నాను. ఆయన పరిగెత్తబోయి, దారి తెలీక తిరిగొచ్చాడు. నా తిట్లు తింటూ పట్టాల వైపే చూస్తూ నిలబడ్డాడు.

ట్రామ్ వచ్చింది. మా స్టాపులో తలుపు పూర్తిగా తెరుచుకోకముందే దూరి బయటపడ్డాను.

అమ్ము బెంచీ మీదే ఉంది. పక్కన నీళ్ళ సీసా పట్టుకుని సెక్యూరిటీ అతను నిలబడ్డాడు. "రోయీ నహీ మేడమ్, బహాదుర్ బచ్చీ" అని, ఏడవలేదనీ ధైర్యం గల పిల్లనీ మెచ్చుకున్నాడు. ఎత్తుకుంటే ఒళ్ళంతా కర్రలా బిగుసుకుపోయి ఉంది. భయానికి గౌను తడుపుకుంది.

"నేను ఏడవలేదమ్మా" అంది, నా మొహంలోకి చూస్తూ. "ఏడిస్తే తిడతావుగా."

 "ఏడువు తల్లీ, ఏడువు" అన్నాను.

అమ్ము వాళ్ళ నాన్న వైపు చూసింది, ఏడవొచ్చా అన్నట్టు.