నూటికి ఆరు

"ఒక్క చొక్కాకి అన్ని నీళ్లా అమ్మాయ్?" అంది అత్తగారు పెరటి గుమ్మంలోంచి. కోడలు చొక్కా జాడిస్తూనే ఉంది. ఆ చొక్కా తయారవడానికే రెండున్నర వేల లీటర్లు పట్టాయని చెబితే, చదువు చూపిస్తోందంటారు. కుళాయి వచ్చేది ముప్పావు గంట. ఆలోగా డ్రమ్ములు నిండాలి, బట్టలవ్వాలి, పొయ్యి మీద అన్నం ఉడకాలి. రంగుల మిల్లులో సూపర్‌వైజరైన భర్త దుప్పటిలోంచే, "మా మిల్లులో వాడిన నీళ్లే శుభ్రం చేసి మళ్లీ వాడతాం. నువ్వింట్లో ఆ మాత్రం పొదుపు చేయలేవా?" అన్నాడు.

మిల్లు ఎంత మళ్లీ వాడుతోందో అతనికన్నా ఆమెకే బాగా తెలుసు. నదీజలాల కార్యాలయంలో ఏడాదిగా ఆమె పని అదే. ఎగువన పత్తి చేలు ఎంత తాగుతున్నాయి, నూలు మిల్లులు, రంగుల మిల్లులు, వాటికి కరెంటిచ్చే కేంద్రం ఎంత లాగుతున్నాయి, ఆ నీరంతా గుడ్డల రూపంలో ఎన్ని ఊళ్లు దాటిపోతోంది, అన్నీ ఎండనపడి తిరిగి రాసుకుంది. నది నీళ్లలో ఇళ్లకు దక్కేది నూటికి ఆరు పాళ్లు.

ఆ లెక్కలతో ఆమె రాసిన నివేదిక మీద పై అధికారి తన పేరు వేసుకున్నాడు. పంటిబిగువున ఓర్చుకుంది. అతను అక్కడితో ఆగలేదు. 'గృహిణులు నీటి వృథా మానుకోవాలి' అని మొదటి సిఫారసుగా చేర్చి, కాలనీ ఆడవాళ్ల సభలో ఆమెనే చదవమన్నాడు. "మీరూ ఆడవారేగా, మీరు చెబితే వింటారు" అని నవ్వాడు.

సభలో ముందు వరుస మిల్లుల వాళ్లది. అందులో భర్తా ఉన్నాడు. వెనక, బిందెలు మోసి కాయలు కాచిన చేతులు ఒళ్లో పెట్టుకుని, చీవాట్లకు సిద్ధపడి వచ్చినట్టు కూర్చున్నారు ఆడవాళ్లు. వాళ్లను చూడగానే ఆమెకు తన మీదే ఒళ్లు మండింది. లెక్కలన్నీ తెలిసిన తనూ ఇంట్లో అలాగే తలొంచుకుంటోంది కదా.

కాగితం మడిచి బల్ల మీద పెట్టింది.

"ఈ సిఫారసు నేను రాసింది కాదు. మీదాకా వస్తున్నదే నూటికి ఆరు పాళ్లు. మిగతావి ఎటు పోతున్నాయో చెబుతాను, వినండి."

అధికారి మైకు అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు.

సభ ముగిశాక ఆడవాళ్లు ఆమె చుట్టూ మూగారు. రంగుల మిల్లుకు బోర్లెన్నని ఒకావిడ అడుగుతుండగా భర్త వచ్చి, "నా ఉద్యోగం సంగతి ఆలోచించావా? ఇంటికి పద, మాట్లాడదాం" అన్నాడు గొంతు తగ్గించి.

"నాకు ఆలస్యమవుతుంది. అత్తయ్యకు ఆకలేస్తుంది, మీరు వెళ్లి వంట చేయండి. నాకూ కాస్త ఉంచండి" అని, ఆవిడ వైపు తిరిగింది.

"పదకొండు బోర్లమ్మా. రాసుకోండి."