నంబరు లేని బోర్డు

నంబరు లేకపోయినా యంత్రం నడుస్తుంది, చిక్కంతా అక్కడే, అనుకున్నాడతను ల్యాప్‌టాప్ అడుగు మూత స్క్రూలు విప్పుతూ. కొత్త మదర్‌బోర్డు బిగిస్తే చాలు, పనులన్నీ జరిగిపోతాయి. కాకపోతే ఆన్ చేసిన ప్రతిసారీ నల్లటి తెర మీద 'సీరియల్ నంబరు లేదు' అన్న ఒక్క ముక్క వచ్చి నిలబడుతుంది. ఏదో ఒక మీట నొక్కితే పోతుంది. మర్నాడు మళ్ళీ వస్తుంది.

ఆఫీసు కంప్యూటర్ల మరమ్మతులోనే అతని జుట్టు నెరిసింది. వాటి నంబరు రెండు చోట్ల ఉంటుంది. ఒకటి అడుగున అతికించిన చీటీ మీద, రెండోది బోర్డు మీది చిన్న చిప్‌లో. చీటీ చేతిచెమటకు అరిగిపోతుంది. చిప్‌లోది కరెంటు పోయినా చెరగదు. కొత్త బోర్డులో ఆ గడి ఖాళీగా వస్తుంది. పాత నంబరు అందులో ఎక్కించాలి, ఒక్కసారే. ఆ తర్వాత తాళం పడిపోతుంది. తప్పు కొడితే బోర్డు వెనక్కి పంపాల్సిందే. అందుకే అతను కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, చీటీని ముక్కుకు ఆనించి, ఒక్కొక్క అక్షరమూ పైకి చదువుకుంటాడు.

"పేరు పెట్టడం అయిందా బాబాయ్? పిల్ల ఏడవలేదుగా!" అన్నాడు పక్క బల్ల కుర్రాడు, నంబరు ఎక్కించడాన్ని బారసాలగా ఆటపట్టిస్తూ.

జేబులో ఫోను మోగింది. చెల్లెలు, ఆసుపత్రి నుంచి.

"అన్నయ్యా, అమ్మ నిన్నే అడుగుతోంది. ఎంతసేపూ?"

"ఇదొక్కటి అయిపోతే వచ్చేస్తా. పిన్ని ఏమైనా తిన్నదా?"

"ఇప్పటికీ పిన్నేనా? ఒక్కసారి అమ్మా అంటే నీ సొమ్మేం పోయింది? పైకి అడగదు గానీ, పిచ్చిది, దానికోసమే చూస్తోంది."

అతను ఫోను జేబులో వేసుకున్నాడు.

కన్నతల్లి పోయాక నాన్న ఈమెను తెచ్చి గుమ్మంలో నిలబెట్టి, "అమ్మా అని పిలవరా" అన్నాడు. పిల్లవాడు పెదవులు బిగించాడు. "తొందరేముంది, వాడికి అనిపించినప్పుడే పిలుస్తాడు లెండి" అందామె. అనిపించిన రోజులు లేకపోలేదు. జ్వరంలో ఆమె చల్లటి చెయ్యి నుదుటి మీద పడ్డప్పుడు మాట నాలిక చివరిదాకా వచ్చేది. ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడేమిటని సిగ్గేసేది. "ఇదిగో", "వింటున్నావా"లతోనే నెట్టుకొచ్చాడు. ఆమె చెవులు మందగించాక ఆ అవసరమూ తప్పింది, భుజం తడితే సరిపోయేది. చెల్లెలు చెవి మిషను పెట్టించాక కూడా అలాగే తట్టేవాడు. అందరూ జాలిపడ్డ ఆ చెముడు అతనికి తెరిపిగా ఉండేది.

నంబరు కొట్టాడు. ఇదే ఖాయమా అని తెర అడిగింది. చీటీని ఇంకోసారి చూసి నొక్కాడు. తర్వాత, రేపటికి ఆగగలిగిన మరో ల్యాప్‌టాప్ అందుకుని మూత విప్పడం మొదలుపెట్టాడు.

ఆసుపత్రికి వెళ్ళేసరికి మంచం చుట్టూ పరదా లాగి ఉంది. పోయి ఎంతోసేపు కాలేదట. చెల్లెలు గోడకు చేరగిలబడి నేల చూస్తోంది.

"మీకేమవుతారండీ?" అంది నర్సు.

అతను గొంతు సవరించుకున్నాడు. చెల్లెలు తలెత్తింది.

"అమ్మ" అన్నాడు.

నర్సు అతని అరచేతిలో ఆమె చెవి మిషను పెట్టింది. దాన్ని ఎవరూ ఆపినట్టు లేదు. గుప్పిట మూసేసరికి లోపల సన్నగా ఈల వేసింది.