మూడు వేళ్ళతో రొట్టె పళ్ళెం

"అన్నా, వచ్చే ఆదివారం నుంచి చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె పంచే పని మీది. సంఘ పెద్దలంతా మీ పేరే చెప్పారు," అన్నారు పాస్టరుగారు.

పుస్తకాల బైండరు జేబులో ఉన్న కుడిచేతిని ఇంకా లోపలికి దోపుకున్నాడు. "ఆదివారం ఊళ్ళో ఉండనండీ," అని తప్పించుకున్నాడు.

పక్కనే ఉండి ఆ మాట విన్న భార్య ఇంటికి రాగానే అడిగింది. "ఏ ఊరో చెప్తే బట్టలు సర్దుతాను."

ఆయన నవ్వలేదు. కుడిచెయ్యి జేబులోనే ఉంది.

పదకొండేళ్ళ కిందట కాగితం కోసే మిషన్ కింద ఆ చేతి చూపుడువేలూ మధ్యవేలూ పోయాయి. మిగిలిన మూడింటితోనే సూదీ దారం పట్టడం మళ్ళీ నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆయన కుట్టిన పుస్తకం ఊడాలంటే కత్తెర పెట్టాల్సిందే. షాపులో ఆ చెయ్యి దాచుకునేవాడు కాదు. చర్చిలో మాత్రం జేబులోంచి తీసేవాడు కాదు.

భార్య వదల్లేదు. చివరికి బైబిలు తెచ్చి, మోషే ధర్మశాస్త్రంలో యాజకుల గురించి రాసిన చోటు చూపించాడు. చెయ్యి దెబ్బతిన్నవాడు దేవుడికి రొట్టె అర్పించడానికి దగ్గరికి రాకూడదని ఉంది అక్కడ.

"ఆస్పత్రిలో ఉన్నప్పుడు చదివాను. అక్కడే మూసేశాను. అప్పట్నుంచి బల్ల దగ్గర రొట్టె తీసుకుంటుంటే దొంగతనం చేస్తున్నట్టే ఉంటుంది."

ఆమె కళ్ళజోడు పెట్టుకుని, ఆయన ఆగిపోయిన చోటు నుంచి కిందికి చదివింది. "అయ్యో రామ... అయ్యో దేవా! ఇంకో రెండు ముక్కలు చదవలేకపోయారా? అలాంటివాడు కూడా ఆ రొట్టె తినొచ్చని ఇక్కడే ఉంది. అన్నిటికంటే పరిశుద్ధమైనది కూడా తినొచ్చట!"

ఆయన తనే మూడుసార్లు చదువుకున్నాడు. "తినొచ్చు, సరే. పంచకూడదు కదా?"

"అది పాస్టరుగారినే అడుగుదాం," అందామె. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ పాస్టరుగారింటికి వెళ్ళారు.

పాస్టరుగారు అంతా విని, బైబిలు తెరిచి అదే చోటు చూసుకున్నారు. "ఆ మాట చదివినప్పుడల్లా నాకూ గుచ్చుకుంటుందన్నా. కొట్టేయలేం, అదీ వాక్యమే. కానీ అది బలి అర్పించే యాజకుడి గురించి. జనం తరఫున దేవుడి ముందు నిలబడేవాడిలో ఏ లోపమూ ఉండకూడదు. అలాంటివాడు ప్రభువు ఒక్కడే వచ్చాడనీ, తనే బలై అర్పించాల్సింది అర్పించేశాడనీ కదా మన నమ్మకం? మీరు అర్పించేదేం లేదు. వడ్డిస్తారు, అంతే."

"నాలాంటివాడు వడ్డించొచ్చా?"

"ఒంట్లో లోపం వల్ల గడప బయట ఉండిపోయినవాళ్ళకి తన ఇంట్లో చోటిస్తానని దేవుడు ప్రవక్త చేత చెప్పించాడు. మన కోసం గాయపడేవాడు వస్తాడనీ ఆ ప్రవక్తే రాశాడు. సరే, ప్రభువు చనిపోయి తిరిగి లేచాక శిష్యులకి ఏం చూపించాడు?"

"మేకులు దిగిన చేతులు," అంది భార్య ఠక్కున.

బైండరు కుడిచెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుని, కొత్తగా చూస్తున్నట్టు చూసుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. గుండెల మీద నుంచి బండ దించినట్టు పెద్ద ఊపిరి వదిలాడు.

"అయితే ఆ ఊరి ప్రయాణం మానుకుంటానండీ."

"ఎలాగూ టికెట్టు కొనలేదులెండి," అంది భార్య. పాస్టరుగారు పగలబడి నవ్వారు.

ఆదివారం ఆ మూడు వేళ్ళతోనే పళ్ళెం పట్టుకుని మొదటి వరస దగ్గరికి వెళ్ళాడు. చివర కూర్చున్న ముసలమ్మ ఆ వేళ్ళకేసి చూడనే లేదు. పళ్ళెంలోకి తొంగిచూసి, "నాయనా, నాకు పళ్ళు లేవు. మెత్తటి ముక్క చూసి ఇవ్వు," అని గుసగుసలాడింది.

ఆయన వెతికి, అంచు లేని ముక్క తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "చల్లగా ఉండు," అందామె. ఆయన పక్క వరసకు కదిలాడు.