అబ్బాయిరాజుగారి మేడలో తివాచీ

భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు అజీజున్నీసా గడప దాటలేదు. భర్త పోయినామె ఇల్లు కదలకూడని ఆ ఇద్దత్ గడువు తీరిన మర్నాడు మరిది రసూల్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా, అబ్బాయిరాజుగారి మేడని మ్యూజియం చేసి జనానికి తెరిచారు. అందులో అన్నయ్య నేసిన తివాచీ ఉంది. నా కళ్ళతో చూశాను. నువ్వూ చూడాలి."

చూడాలని ఆమెకి లేదు. చూడకూడదనీ లేదు. రమ్మన్నాడు కాబట్టి బురఖా వేసుకుని బయల్దేరింది. ఇన్నాళ్ళూ అంతే, తినమంటే తింది, పడుకోమంటే పడుకుంది. ముప్పై ఏళ్ళు మగ్గం ముందు కూర్చుని ఉన్ని దుమ్ము పీల్చిన మనిషి ఒక మధ్యాహ్నం దగ్గుతూ దగ్గుతూ ఆగిపోయాడు. దగ్గు ఆగినందుకు ముందు ఆమెకి హాయిగా అనిపించింది. ఆ తర్వాత మరేమీ అనిపించలేదు.

మేడ ఏలూరు కాలవ గట్టునే ఉంది. అబ్బాయిరాజుగారికి పిల్లల్లేరు. బతికినన్నాళ్ళూ దేశదేశాల బొమ్మలూ పటాలూ తెప్పించుకుని, పోయే ముందు మేడతో సహా అన్నీ ఊరికి రాసిచ్చేశారు. ఆయన దగ్గర గుమాస్తాగా చేసిన చలపతిరావుగారే ఇప్పుడు అక్కడ అన్నీ చూసుకుంటున్నారు.

"చెప్పులు ఇక్కడ వదలండి. లోపల వేటినీ ముట్టుకోకండేం," అన్నారాయన.

మొదటి గదిలో చలవరాతి ఆడబొమ్మలున్నాయి. రసూల్ తల తిప్పుకుని గబగబా నడిచాడు. రెండో గదిలో నిలువుటద్దం. అందులోంచి నల్లటి ఆకారం ఒకటి ఎదురొస్తుంటే, ఎవరో అనుకుని అజీజున్నీసా పక్కకి తప్పుకుంది. మూడో గదిలో ఎవరో దొర వేసిన కొల్లేరు పటం ఉంది. బోర్డు మీదున్న ఆ దొర పేరు చలపతిరావుగారు చదివి చెప్పారు. ఆమె పుట్టింది కొల్లేటి లంకలోనే. నీళ్ళు అంత నీలంగా ఉండగా ఎప్పుడూ చూడలేదు. కొంగలు మాత్రం బాగానే కుదిరాయి.

తివాచీ చివరి గదిలో ఉంది. నేల మీద కాదు, గోడకి వేలాడదీశారు. ముందు తాడు కట్టారు.

"ఇదే వదినా," అన్నాడు రసూల్ మెల్లగా.

ఆమె చూసింది. అంతా ఎరుపు, మధ్యలో పెద్ద పువ్వు, చుట్టూ తీగ. తొమ్మిది నెలలు ఇంట్లో పెరిగిన తివాచీ. గుర్తుపట్టింది. గుర్తుపట్టాక ఏం చెయ్యాలో ఆమెకి తెలియలేదు.

పక్కన చిన్న బోర్డు మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. "ఏమనుందండీ?" అని రసూల్ అడిగాడు.

చలపతిరావుగారు చదివి చెప్పారు. "పర్షియా దేశపు తివాచీ. నూట యాభై ఏళ్ళ నాటిది."

"అయ్యో, కాదండీ! ఇది మా తంగెళ్ళమూడి ఇంట్లో నేసిందండీ. నేను పక్కన కూర్చుని ఉన్ని అందించానండీ!"

"రాజుగారు మద్రాసులో కొన్నారయ్యా. అమ్మినవాళ్ళు రాసిచ్చిన కాగితం కూడా ఉంది."

"మా దగ్గర పట్టుకెళ్ళిన షావుకారూ మద్రాసుకే పంపాడండీ."

"కావచ్చు. తివాచీలన్నీ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి."

రసూల్ గొంతు పెరిగింది. చలపతిరావుగారు విసుక్కోలేదు గానీ, గుమ్మం వైపు రెండడుగులు వేశారు. అప్పుడు అజీజున్నీసా నోరు విప్పింది.

"ఏవండీ, కింద ఎడంవైపు అంచు వెనక్కి తిప్పి చూడండి. ఆ అంచు కుట్టింది నేను. తెల్లదారం చాల్లేదు. చివర జానెడు నల్లదారంతో కుట్టాను."

ఆమె గొంతులో కోపం లేదు, బతిమాలడమూ లేదు. ఆయన తాడు దాటి వెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని వంగారు. రసూల్ వెళ్ళి అంచు ఎత్తి పట్టుకున్నాడు. సరిగ్గా జానెడు నల్లదారం. కుట్టు కొంచెం వంకరగా ఉంది.

చలపతిరావుగారు ఆ కుట్టు వెంట చివరిదాకా వేలు జరిపారు. "పదేళ్ళుగా దీని దుమ్ము నేనే దులుపుతున్నాను," అన్నారు. "మైలు దూరంలో నేసినదాన్ని మద్రాసు వెళ్ళి తెచ్చుకున్నామన్నమాట."

జేబులోంచి కాగితం, పెన్సిలూ తీశారు. "నేసినాయన పేరు చెప్పండి. మ్యూజియం కమిటీవారికి రాస్తాను."

రసూల్ చెప్పబోయి ఆగిపోయాడు. చేతిలో అంచు అలాగే పట్టుకుని ఏడుస్తున్నాడు. ఆయన అజీజున్నీసా వైపు తిరిగారు.

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె భర్తని పేరు పెట్టి పిలిచింది లేదు. ఎవరైనా అడిగితే 'రసూల్ వాళ్ళన్న' అనేది.

"అబ్దుల్ జబ్బార్," అంది.

తప్పు మాటేదో అన్నట్టు చుట్టూ చూసింది. ఆ పేరు ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషిదిలా వినిపించింది. చలపతిరావుగారు మళ్ళీ చెప్పమంటే మళ్ళీ చెప్పింది. రెండోసారి ఇంకా తేలిగ్గా వచ్చింది. ఎందుకో అది ఆమెకి నచ్చలేదు.

నెలన్నర తర్వాత చలపతిరావుగారు సైకిలు మీద తంగెళ్ళమూడి వచ్చారు. వీధిలోనే నిలబడి చెప్పారు.

"బోర్డు మార్చాం. ఏలూరు తివాచీ అని కమిటీవారు ఒప్పుకున్నారు. పేరు మాత్రం వద్దన్నారు. నేతగాళ్ళ పేర్లు రాసే ఆనవాయితీ ఎక్కడా లేదట. నేను చెప్పి చూశానండీ."

"పటం వేసిన దొర పేరు రాశారు కదండీ!" అన్నాడు రసూల్. "రేపు నేనే వచ్చి కమిటీవారితో మాట్లాడతాను."

"వద్దులే రసూల్," అంది అజీజున్నీసా తలుపు వెనకనుంచి. "ఎండన పడి వచ్చారు. మంచినీళ్ళు తీసుకుంటారేమో అడుగు."

చలపతిరావుగారు ఒక్క క్షణం తటపటాయించారు. "ఇప్పుడే తాగి వచ్చానమ్మా," అన్నారు, కండువాతో నుదుటి చెమట తుడుచుకుంటూ.

ఆమె సరేనంది. లోపలికి వెళ్ళి, కూలికి ఏరిపెట్టమని తివాచీ కార్ఖానావాళ్ళు పంపిన ఉన్ని ముందు కూర్చుంది. రసూల్ వీధిలో ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. ఆమె ఉన్నిలో చిక్కుకున్న పల్లేరుకాయలు ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టడం మొదలుపెట్టింది.