ఊరికే ఉన్న ప్రోగ్రాము

"లీకు లేదు, నీ మాటే నిజం. రేపటి నుంచి సెలవు తీసుకో" అని ఆఫీసులో పెద్దాయన దగ్గర్నుంచి మెసేజి రాగానే ఆమె తడి జుట్టుతోనే వంటింట్లో ఉన్న మొగుడి దగ్గరికి పరుగెత్తింది. కొత్తగా పెళ్లయిన జంట. సముద్రం చూసొద్దామనుకున్న వాళ్ల మొదటి ప్రయాణానికి ఇన్నాళ్లూ ఆ లీకే అడ్డం పడింది.

ఆమె రాసిన జావా ప్రోగ్రాము, ఎవరూ వాడకుండా ఊరికే ఉన్నా కంప్యూటరు మెమరీ తింటోంది; ఎక్కడో మెమరీ కారిపోతోందని, అంటే లీకని, పెద్దాయన అనుమానం. తెర మీద ఆ వాడకం చూపే గీత మెల్లగా పైకెక్కుతుంది, ఢామ్మని పడుతుంది, మళ్లీ ఎక్కుతుంది. పడటం మంచిదే, జావా తన చెత్త, అంటే వాడి వదిలేసిన మెమరీ, తానే ఊడ్చుకుంటుంది. "పనే లేనిదానికి చెత్తెక్కడిదమ్మా? అది తేలేదాకా సెలవు మాట ఎత్తకు" అన్నాడు పెద్దాయన.

నిన్నంతా ఆమె ఇంట్లోనే ఆ గీతకి కళ్లప్పగించి కూర్చుంది. డ్రాయింగు మాస్టారైన మొగుడు కాసేపటికోసారి గుమ్మంలోంచి తొంగిచూశాడు. ఓసారి టీ తెచ్చాడు, ఓసారి బిస్కెట్లు, ఓసారి వేరుశనక్కాయలు.

"ఏం చేస్తున్నారు ఇంజనీరుగారూ?"

"ఏమీ లేదు మాస్టారూ, చూస్తున్నాను."

"నేనూ అంతే. చూసి పోదామని."

సాయంత్రానికి బల్ల నిండా కప్పులు, పొట్టు. "కూర్చున్నచోటు నుంచి కదల్లేదే, ఇంత చెత్త ఎలా చేశాను?" అందామె.

"నువ్వెక్కడ చేశావు? నిన్ను చూడ్డానికొచ్చినప్పుడల్లా నేనేగా ఏదో ఒకటి తెచ్చింది" అన్నాడు తల గోక్కుంటూ.

ఆమె చెయ్యి కప్పు మీదే ఆగిపోయింది. గీత చూపించే పరికరం క్షణానికోసారి ప్రోగ్రాముని "ఎంత వాడుతున్నావు?" అని అడుగుతుంది. జవాబు చెప్పడానికే అది ఏవేవో తయారుచేసి పారేస్తుంది. చెత్తంతా ఆ పలకరింపులదే.

పరికరం మూసేసి, చెత్త ఊడ్చినప్పుడు మాత్రం ఒక ముక్క రాసిపెట్టమని ప్రోగ్రాముకి చెప్పి, మాస్టారితో షికారుకెళ్లింది. తిరిగొచ్చేసరికి ఒక్క ముక్కా లేదు, అంటే ఊడ్చడానికి చెత్తే లేదు. ఆ సంగతే పెద్దాయనకి పంపింది.

ఇప్పుడు మెసేజి చదివి మాస్టారు మొహం వేలాడేశాడు. "అయితే తప్పంతా నాలాంటి చూసేవాళ్లదన్నమాట. మానెయ్యనా?"

"మానేస్తే ఊరుకుంటానా? చెత్తయితే అవనీండి, ఇద్దరం కలిసి ఊడ్చుకుందాం."

మాస్టారు ఆమె లాప్‌టాప్ తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"రేపు పొద్దున్నే మొదటి బస్సుకి బయల్దేరుతున్నాం" అన్నాడు. "కిటికీ సీటు నీది. నువ్వు సముద్రాన్ని చూడు, నేను నిన్ను చూస్తాను."