ఏడో మూత కింద సున్నా

హలో, అందరికీ వినబడుతోందా? షిఫ్టు దిగి వచ్చిన అన్నలూ అక్కలూ, కాలేజీ పిల్లలూ, ఓ పది నిమిషాలు ఆగి ఇది చదవండి. నేను మురుగు కాలవల్లో దిగి పనిచేసేవాణ్ని. ఏడో క్లాసుతో బడి మానేశాను. అక్షరాలు అటూ ఇటూ అయితే మీరే సర్దుకోండి. విషయం మాత్రం అటూ ఇటూ కాదు.

ముందు కళ్లారా చూసింది చెప్తాను. పోయిన శుక్రవారం పొద్దున మా అక్క జ్వరంతో మంచం మీద మూలుగుతోంది. మిల్లులో దారం షెడ్డులో పని ఆమెకి. సూపర్‌వైజరు చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చి ఒక కాగితం ఊపాడు.

"మీ క్వార్టర్స్ మురుగులో వైరస్ సున్నా. ల్యాబ్ వాళ్లే రాసిచ్చారు. వైరస్సే లేని చోట జ్వరం ఎక్కణ్నుంచి వచ్చిందమ్మా? నాటకాలాపి లే!"

"సారూ, నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి..."

"అయితే కూర్చుని చెయ్యి. స్టూలేయిస్తా."

అక్క గోడ పట్టుకుని నడిచి వెళ్లింది. ఆ వారం అలా వెళ్లినవాళ్లు నలభై మంది. క్యాంటీన్లో వండే పెద్దమ్మ ఆ రోజే పొయ్యి దగ్గర కూలబడింది. సాయంత్రానికి లేదు. ఆమె చేత్తో వడ్డించిన అన్నం ఆ మధ్యాహ్నం షెడ్డంతా తిన్నది.

ఆ సున్నా ఎక్కణ్నుంచి వచ్చిందో మీకు చెప్పాలి. దాన్ని తయారు చేసింది మేమే.

మా మిల్లు క్వార్టర్స్‌లో నాలుగు వందల ఇళ్లు. అన్నిటి మురుగూ ఆరు మ్యాన్‌హోళ్లు దాటి, గేటు పక్కనున్న ఏడో మూత కిందికి చేరుతుంది. రెండు నెలలుగా ప్రతి మంగళవారం పొద్దున ల్యాబ్ నుంచి ఒక అమ్మాయి ఐసు పెట్టె పట్టుకుని వస్తోంది. నాతోపాటు కాలవల్లో దిగే మా బావ గడ్డపారతో మూత లేపుతాడు, నేను తాడు కట్టిన సీసా కిందికి దింపుతాను. ఎందుకో మాకెవరూ చెప్పలేదు. మా పని శుభ్రంగా ఉందో లేదో చూడ్డానికి వస్తున్నారనుకున్నాం. చుట్టాలొస్తున్నారంటే ఇల్లు కడుక్కోమా? అలాగే మొదటి మంగళవారం తెల్లారగానే, ఆ అమ్మాయి రాకముందే, ఆరో మూతలోంచి బస్తా బ్లీచింగ్ పౌడర్ పోసేశాం. ఏడో మూత తీస్తే కంపే లేదు.

"ఏం చేశార్రా, ఇంత శుభ్రంగా ఉంది?" అన్నాడు సూపర్‌వైజరు. గొప్పగా చెప్పాను. ల్యాబ్ కాగితం మీద సున్నా పడ్డాక, మరుసటి వారం తనే మూడు బస్తాలు పంపించాడు. "ఇక ప్రతివారం ఇలాగే. శభాష్!" ఆ శభాష్‌కి పొంగిపోయిన వెధవని నేనే.

పెద్దమ్మ పోయిన మర్నాడు, శనివారం, ల్యాబ్ అమ్మాయి ఐసు పెట్టె లేకుండా మా ఇంటికొచ్చింది.

"బాబాయ్, ఒక్క మాట అడుగుతా, ఏమనుకోకండి. మీ క్వార్టర్స్‌లో వాళ్లు దొడ్డికి వెళ్లడం మానేశారా?"

బావకి నవ్వాగలేదు. "పొద్దున వచ్చి ఆ క్యూ చూడమ్మా. చెంబుల్తో కొట్టుకుంటారు."

ఆ అమ్మాయి నవ్వలేదు. "సీసాలో వైరస్సే కాదు, మనిషి కడుపులోంచి వచ్చేది ఏదీ దొరకట్లేదు. మా సార్ పట్టించుకోకుండా సున్నా అని సంతకం పెట్టేస్తున్నాడు. జబ్బు పట్టిన మనిషికి జ్వరం రాకముందే వైరస్ మలంలో దిగుతుంది బాబాయ్. సీసా సరిగ్గా ఉంటే వారం ముందే తెలిసేది. కాలవలో ఎవరైనా ఏమైనా పోస్తున్నారా?"

బావే చెప్పేశాడు.

ఆదివారం కుళాయి దగ్గర అందరినీ పిలిచాం. బావ ఉన్నదున్నట్టు చెప్పాడు.

"అయితే పెద్దమ్మని మీరే మింగారు!" అని అరిచింది దారం షెడ్డులో అక్క పక్కన పనిచేసే పొడుగామె.

"మొదటి బస్తా మాదే. కొట్టండి. కొట్టాక మంగళవారం ఏం చెయ్యాలో మాట్లాడదాం."

"ఏం చెయ్యొద్దు," అన్నాడు మిల్లులో మెషీన్లు బాగుచేసే ఫిట్టరు. "వైరస్ ఉందని తేలితే మనల్నే లోపలేసి గేటుకి తాళం పెడతారు. తిండెవడు పెడతాడు?"

అతనన్నది అబద్ధం కాదు. అప్పుడు దుప్పటి కప్పుకుని దూరంగా అరుగు మీద కూర్చున్న అక్క అందుకుంది.

"తాళం పడితే పగలగొట్టుకుందాం. మన ఒంట్లోంచి పోయేదాన్ని చూసి వాళ్లు ముందే తెలుసుకోవచ్చు, మనకి మాత్రం శవం లేచాక తెలియాలా? అది మన మురుగు. ముందు మనకే చెప్పాలి."

"ఎంత తేలితే అంత గేటు మీద రాయాలి. జ్వరమొచ్చినవాళ్లకి సెలవివ్వాలి. అలాగైతే నేనొస్తా," అన్నాడు ఫిట్టరు. అదే అందరి మాటయింది.

మంగళవారం మూడు వందల మందిమి మూతుల మీద గుడ్డలు కట్టుకుని దారి పొడుగునా నిలబడ్డాం. బావ ఆరో మూత మీద కూర్చున్నాడు. బస్తాల బండితో వచ్చిన సూపర్‌వైజరు, "లేవరా!" అన్నాడు.

"కళ్లు తిరుగుతున్నాయి సారూ. స్టూలేయించండి."

దారి పొడుగునా నవ్వు పాకింది. పెద్దమ్మ పోయాక మేం నవ్వడం అదే మొదటిసారి. ఆ సందులో ఏడో మూత లేపి సీసా దింపాను. చిక్కటి, నల్లటి, అసలైన మురుగు పైకొచ్చింది. ల్యాబ్ అమ్మాయి మూత బిగించి పెట్టెలో పెట్టుకుంది. జనం దారిచ్చారు.

ఆమె వెళ్లిన పది నిమిషాలకి పోలీసు జీపు వచ్చింది. పరీక్షకి అడ్డం పడ్డాడని బావని ఎక్కించారు. విన్నారా? రెండు నెలల్లో పరీక్ష సరిగ్గా జరిగింది ఆ ఒక్కరోజే! ఇప్పటిదాకా వదల్లేదు.

ఇవాళ గురువారం. మధ్యాహ్నం ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "బాబాయ్, ఇంత ఎక్కువ నేనెప్పుడూ చూళ్లేదు. సార్ సంతకం పెట్టలేదు. శాంపిల్ పాడైందట, రేపు మళ్లీ తీస్తారట. జాగ్రత్త." సీసాలో వైరస్ ఎంత తేలిందో ఆ నంబరు చెప్పి ఫోన్ పెట్టేసింది. పొడుగామె ఆ నంబరు గేటు గోడ మీద బొగ్గుతో రాసింది. సూపర్‌వైజరు మనుషులు రెండుసార్లు తుడిచారు. మూడోసారి రాసింది.

అక్కని నిన్న ఆసుపత్రిలో చేర్చాం. ముక్కుకి గొట్టం పెట్టారు. మాటల్లేవు.

నేనిది ఆరో మూత మీద కూర్చుని రాస్తున్నాను. ఏడు మూతల మీదా వంతులేసుకుని కూర్చున్నాం. గేటు బయట పెద్ద ట్యాంకరు ఆగి గంటయింది. ఇంజను ఆపలేదు. బ్లీచింగ్ వాసన ఇక్కడిదాకా కొడుతోంది, కళ్లు మండుతున్నాయి. ఫిట్టరు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చేతిలో బావ గడ్డపార.

"జరుగు," అన్నాడు. "ఇంకో నలుగురు పడతారు."

గేటు తీస్తున్నారు. ఇక ఉంటాను. దీన్ని మీ గ్రూపుల్లో పెట్టండి, ఫోను లేనివాళ్లకి చదివి వినిపించండి. పొద్దున మీ వీధిలో మూత దగ్గరికెళ్లి, అందులో ఎవరేం పోస్తున్నారో ఒకసారి నిలబడి చూడండి.